ఆరున్నొకటో నంబరు

తెలంగాణ రాష్ట్రం వచ్చాక మూడో ఎండాకాలంలో నన్ను మహబూబ్‌నగర్ నుంచి నల్లగొండకు, ఒక జిల్లా కార్యాలయపు కంప్యూటర్ విభాగంలో సాంకేతిక అధికారిగా బదిలీ చేశారు. హోదా పేరు ఘనంగానే ఉంటుంది. పని మాత్రం సగం ప్రోగ్రాములు రాయడం, సగం ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితాలు లాగడం. ఏ గదిలో ఏ తెర నల్లబడినా "మేడంను పిలవండి" అనేవారు. వెళ్ళి చూస్తే చాలాసార్లు ప్లగ్గు ఊడి ఉండేది.

చేరిన రెండో వారంలో నా బల్ల మీదికి ఒక ఫైలు వచ్చింది. పైన ఎర్ర సిరాతో 'అత్యవసరం' అని ఉంది. మా దగ్గర అత్యవసరం కాని ఫైలును నేను చూడలేదు కనుక టీ తాగి తీరిగ్గా తెరిచాను.

విషయం ఇది. గొర్రెల కాపరుల సంఘాల్లోని సభ్యులకు సర్కారు తరఫున గొర్రెలు ఇచ్చే పథకం ఒకటి నడుస్తోంది. అందరికీ ఒకేసారి ఇవ్వడం కుదరదు కాబట్టి, ఊరూరా లాటరీ తీసి సభ్యులను రెండు జాబితాలుగా చేయాలి. మొదటి జాబితాకు ఈ ఏడు, రెండో జాబితాకు వచ్చే ఏడు. కాగితం మీద రెండింటికీ తేడా పన్నెండు నెలలే. ఊళ్ళలో మాత్రం ఎవరినడిగినా ఒకటే మాట: మొదటి జాబితా అంటే గొర్రెలు, రెండో జాబితా అంటే కాగితం.

మొదట్లో చిట్టీలు వేసి తీశారు. ఒక ఊళ్ళో కొన్ని చిట్టీలను మంచుగడ్డ మీద పెట్టి చల్లబరిచారని, చెయ్యి పెట్టినాయన చల్లటివే ఏరి తీశాడని గొడవైంది. నిజమో కాదో నాకు తెలియదు. ఆ ఎండల్లో మంచుగడ్డ దొరికితే చిట్టీలకు పెట్టేంత నిగ్రహం ఎవరికుంటుందని నా అనుమానం. ఏమైతేనేం, ఇకమీదట కంప్యూటర్‌తోనే తీయాలని ఉత్తర్వు వచ్చింది. కంప్యూటర్‌కు చుట్టాలుండరు అన్నది ఆ ఉత్తర్వు సారాంశం.

నాకంటే ముందు కాంట్రాక్టు మీద పనిచేసిన ఒక ప్రోగ్రామర్ ఆ పనిని ఒక పూటలో ముగించి వెళ్ళిపోయాడు. రెండు ఊళ్ళలో దానితో లాటరీ తీశారు కూడా. ఆ తర్వాత ఒక పెళ్ళిలో, భోజనాల దగ్గర, ఒక కాపరీ అతని సడ్డకుడూ, అంటే భార్య చెల్లెలి మొగుడూ, పక్కపక్కన కూర్చున్నారు. మాటల్లో తేలింది: రెండు ఊళ్ళలోనూ వచ్చిన నంబర్లు ఒకటే. వరుస కూడా తప్పలేదు. రెండు సంఘాల్లోనూ అరవై నలుగురే సభ్యులు కావడంతో విషయం బయటపడింది. "మా సడ్డకుని ఊర్లె వచ్చిన నంబర్లే మా ఊర్లె ఎట్లొస్తయి సారు? గీ మిషినికి గవ్వే నంబర్లు తెలుసా?" అని అతను అర్జీ రాయించి ఇచ్చాడు. అది చదివి ఆఫీసులో అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే అతను రాసింది అక్షరాలా నిజం. ఆ మిషనుకు అవే నంబర్లు తెలుసు.

కంప్యూటర్‌కు ఊరికే ఒక సంఖ్య చెప్పమంటే చెప్పడం చేతకాదు. చేతనైనట్టు నటిస్తుంది. ఒక సంఖ్యను పట్టుకుని హెచ్చవేసి, కూడి, తీసేసి ఇంకో సంఖ్య చేస్తుంది, దాన్నుంచి మరొకటి. చూసేవాళ్ళకు అడ్డదిడ్డంగానే కనిపిస్తాయి. కానీ మొదటి సంఖ్య ఏదైతే తక్కినవన్నీ దాని వెనకే నడుస్తాయి. ఆ మొదటి సంఖ్యను మేము విత్తనం అంటాం. ఆ ప్రోగ్రామర్ విత్తనం వేయడం మరిచాడు. మనం వేయకపోతే అది ప్రతిసారీ తన దగ్గరున్న ఒకటే విత్తనం వేసుకుంటుంది. అందుకే రెండు ఊళ్ళలోనూ ఒకటే పంట.

ఆయన్ని ఫోన్లో పట్టుకుని అడిగితే, దానిదేముంది మేడం, గడియారంలో టైము ఎంతైతే అంత విత్తనంగా పెడితే సరి అన్నాడు. సరి కాదు. పది గంటలకూ పదిన్నరకూ మధ్య లాటరీ తీస్తారని తెలిస్తే చాలు, ప్రోగ్రాము చేతిలో ఉన్నవాడు ఇంట్లో కూర్చుని ఆ అరగంటలో ఒక్కొక్క సెకనుకు ఏ జాబితా వస్తుందో తీసి చూసుకోవచ్చు. తన బావమరిది పేరు ఏ సెకనులో వస్తుందో కనిపెట్టి, సరిగ్గా ఆ సెకనుకు బటన్ నొక్కవచ్చు. మన దగ్గర ముహూర్తం చూసి బటన్ నొక్కేవాళ్ళకు కొదవా? పంతులుగారు పెట్టిన ముహూర్తం ఫలిస్తుందో లేదో గానీ ఇది మాత్రం తప్పకుండా ఫలిస్తుంది.

ఆ రెండు ఊళ్ళ లాటరీలూ రద్దు చేశారు. పేపర్లో వచ్చింది. మా పై అధికారి నన్ను పిలిచి, ఇంకోసారి పేపర్లో రాకుండా చూడండి అన్నారు. నిష్పక్షపాతంగా ఉండేలా చూడండి అనలేదు. రెండూ ఒకటే కాదని నాకు అప్పుడు తట్టలేదు.

కొత్త ప్రోగ్రాము నేనే రాశాను. విత్తనం గొడవ లేకుండా, యంత్రం లోపల ఎప్పుడూ జరిగే చిల్లర అలజడిని, అంటే ఎవరూ ముందుగా లెక్క కట్టలేని వాటిని, పోగుచేసి సంఖ్యలిచ్చే భద్రమైన వనరు ఒకటి ఉంటుంది. బ్యాంకులు రహస్య సంకేతాలకు వాడేది అదే. దాన్ని తీసుకున్నాను. అది ఒక్కో విడతకు సున్నా నుంచి రెండు వందల యాభై అయిదు దాకా ఏదో ఒకటి ఇస్తుంది. మొత్తం రెండు వందల యాభై ఆరు రకాలు. కానీ నాకు కావలసింది ఒకటి నుంచి ఎనభై మూడు దాకా, ఎందుకంటే మొదట తీయాల్సిన సంఘంలో ఎనభై ముగ్గురు సభ్యులున్నారు. బద్ధకస్తులు ఇక్కడ భాగించి శేషం తీసుకుంటారు. ఎనభై మూడు మూళ్ళు రెండు వందల నలభై తొమ్మిది. ఇంకా ఏడు మిగులుతాయి. ఆ ఏడూ వెళ్ళి జాబితాలో మొదటి ఏడుగురి మీద పడతాయి. అంటే మొదటి ఏడుగురికి నాలుగేసి అవకాశాలు, తక్కిన డెబ్భై ఆరుగురికి మూడేసి. చూడ్డానికి లాటరీయే, లోపల వడ్డన వేరు.

దీనికి మందు సులువు. ఆ మిగిలిన ఏడింటిలో ఏదైనా వస్తే దాన్ని పారేసి మళ్ళీ తీయాలి. మండలాల అధికారులకు శిక్షణ ఇచ్చినప్పుడు దీన్ని గవ్వలాటతో చెప్పాను. గవ్వ దుప్పటి దాటి పడితే అది చెల్లదు, మళ్ళీ వేస్తాం కదా, ఇదీ అంతే అన్నాను. అందరూ తలలూపారు. ఆ ప్రోగ్రాము అంటే నాకు గర్వంగా ఉండేది. ఇప్పటికీ ఉంది, దాంతోనే వచ్చింది చిక్కు.

మొదటి లాటరీ దేవరకొండకు అవతల, గుట్టల పక్కన ఉన్న ఒక చిన్న ఊళ్ళో. పేరు రాయను. నేను లాప్‌టాప్‌తో, మండల అధికారి తన రిజిస్టర్లతో పొద్దున తొమ్మిదింటికల్లా పంచాయతీ ఆఫీసుకు చేరాం. ఆయన మంచివాడే. కాకపోతే ప్రతి వాక్యం చివరా "మళ్ళీ పిటిషన్ రావద్దు మేడం" అనేవాడు. సంఘం అధ్యక్షుడు మల్లయ్య పంచాయతీ వాళ్ళ టీవీని వసారాలోకి మోయించి, ఎండ పడకుండా గొంగడి అడ్డం కట్టించాడు. నేను వైర్లు తగిలిస్తుంటే ఒక ముసలావిడ పక్కకు వచ్చి నిలబడింది. చేతిలో కర్ర, భుజాన గొంగడి. పేరు ఈదమ్మ అని తర్వాత తెలిసింది.

"నువ్వేనా బిడ్డా మీట ఒత్తేది?" అని అడిగింది.

అవునన్నాను. ఇంకేమీ అడగకుండానే తన సంగతి చెప్పుకొచ్చింది. మొగుడు పోయాక అతని సభ్యత్వం ఆమె పేరున రాశారు. సొంత మంద ఉండేది. ఒక వానాకాలం నాలుక నీలంగా మారే జబ్బు వచ్చి పది రోజుల్లో దొడ్డి ఖాళీ అయింది. అప్పటినుంచి వేరేవాళ్ళ జీవాలను జీతానికి కాస్తోంది. ఆ మంద ఇంకో నాలుగు రోజుల్లో మేతకు కృష్ణ ఒడ్డుకు పోతుంది. పోతే వానలు పడేదాకా తిరిగి రాదు.

"నా పేరొస్తె నా దొడ్డి నిండుతది. నేను పోను. రాకుంటె ఆళ్ళ మంద ఎంబడి పోవాలె. కాళ్ళు అరిగినయి బిడ్డా, జర చూడు" అంది.

చూడటానికి నా చేతిలో ఏమీ లేదు పెద్దమ్మా, అదే ఈ మిషను గొప్పతనం అని చెప్పాను. ఎంత గొప్పగా చెప్పానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

సభ్యులందరి దగ్గరా వాళ్ళ వాళ్ళ నంబర్లున్న చీటీలు ఉన్నాయి. మొదట వచ్చిన నలభై రెండు నంబర్లు మొదటి జాబితా, మిగిలిన నలభై ఒకటి రెండోది. నంబరు తెరమీద పడగానే దాని కింద పేరు కూడా వస్తుంది. ముప్పై రెండు వచ్చింది, ఒకాయన లేచి దండం పెట్టాడు. డెబ్భై వచ్చింది, పదకొండు వచ్చింది. వచ్చినవాళ్ళ ముఖాలు ఒక రకంగా, ఇంకా రానివాళ్ళ ముఖాలు ఇంకో రకంగా మారుతున్నాయి. పద్నాలుగోసారి నొక్కితే తెరమీద ఏడు పడింది. దాని కింద 'పేరు లేదు' అని వచ్చింది.

ఆ 'పేరు లేదు' అన్న మాట నేను రాసిందే. ఎన్నడూ అవసరం రాదనే ధీమాతో రాసి పెట్టింది. "ఏడు నంబరు ఎవరిది?" అని అడిగాను. ఎవరూ లేవలేదు. ఇంకోసారి గట్టిగా అడిగాను. జనంలో ఎవరో నవ్వారు. మండల అధికారి ముఖం పాలిపోయింది. లేని సభ్యుణ్ణి ఎవరో జాబితాలో చేర్చారని ఆయన అనుమానం. నా అనుమానం ఇంకా ఘోరం: నా ప్రోగ్రాములో తప్పుందేమోనని.

జాబితా తీసి చూశాను. అయిదు, ఆరు, అరవై ఒకటి, ఎనిమిది, తొమ్మిది. మళ్ళీ కింద అరవై, అరవై ఒకటి, అరవై రెండు. అరవై ఒకట్లు రెండున్నాయి, ఏడు లేదు. పైన ఉన్న అరవై ఒకటి ఎదురుగా ఈదమ్మ పేరు, కింద ఉన్న దాని ఎదురుగా బాలయ్య అనే ఆయన పేరు.

మల్లయ్యను సంఘం పుస్తకం తెమ్మన్నాను. బట్టలో చుట్టి తెచ్చాడు. అందులో నంబర్లను అంకెల్లో కాదు, మాటల్లో రాశాడు. వరుస మీద వేలు పెట్టి చదివాడు. "అయిదు, యాదయ్య. ఆరు, కొమురయ్య. ఆరున్నొకటి, ఈదమ్మ. ఎనిమిది, సాయిలు."

నాకు మా అవ్వ గుర్తొచ్చింది. పాలమూరులో మా ఇంట్లో జొన్నలు కొలిచేటప్పుడు ఒకటి అనేది కాదు, లాభం అనేది. లాభం, రెండు, మూడు అంటూ ఆరు దాకా వచ్చి, ఆరున్నొకటి అని, ఎనిమిదికి వెళ్ళేది. ఏడు అనగూడదు. అంటే గింజలు ఏడుస్తాయో, తినేవాళ్ళు ఏడుస్తారో, మొత్తానికి ఇంట్లో ఏడుపు. నేను పక్కన కూర్చుని ఆ లెక్క వింటూ పెరిగినదాన్నే. పెద్ద చదువు చదివి మరిచిపోయాను.

జరిగింది అర్థమైంది. జాబితాను టైపు చేయించడానికి మల్లయ్య పట్నంలో ఆపరేటర్ దగ్గర కూర్చుని పుస్తకంలోది చదువుతూ పోయాడు. ఫోను నంబర్లు చెప్పినట్టు ఒక్కొక్క అంకెగా వినడం అలవాటైన ఆపరేటర్ ఆరు, ఒకటి కొట్టేసింది. వాళ్ళిద్దరి తప్పూ లేదు. నేను నా ప్రోగ్రాములో పేర్లు ఎనభై మూడు ఉన్నాయా, చిన్న నంబరు ఒకటేనా, పెద్దది ఎనభై మూడేనా అని మూడు తనిఖీలు పెట్టాను. ఏ నంబరైనా రెండుసార్లు ఉందా అని చూడలేదు. ఇంకొక్క వరుస రాస్తే అయిపోయేది. లోకంలోని దొంగలందరినీ ఊహించుకుని తాళం చేశాను గానీ, ఏడు అనడానికి జంకే మనిషిని ఊహించలేదు.

"పదిహేడు రాశావు, ఇరవై ఏడు రాశావు, దీనికి మాత్రం పట్టింపేంది?" అని మండల అధికారి మల్లయ్య మీద గరమయ్యాడు.

"అవి ఒంటి ఏడు కావు గద సారు" అన్నాడు మల్లయ్య, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు. "మనిషి పేరు పక్కన ఏడు అని ఎట్ల రాస్తం? గందులో మొగడు పోయిన మనిషి."

అప్పటికి ఈదమ్మ చీటీ పట్టుకుని ముందుకొచ్చింది. "నాదేనా బిడ్డా?" అని అడిగింది. ఆమె గొంతులో ఉన్నది సంతోషం కాదు, ఇంకా నమ్మకం కుదరని భయం.

బాలయ్య లేచాడు. అతని చీటీ మీదా అరవై ఒకటే ఉంది. అతను పేచీ పెడతాడేమోనని అందరం అటు చూశాం. "నా నంబరు నాకుంది మేడం, వస్తదో రాదో తర్వాత ముచ్చట. ఆరున్నొకటంటె ఏడే గద. ఆమెదే. రాసుకోర్రి" అన్నాడు. జనం కూడా రాసుకోర్రి అన్నారు. ఒక్కరంటే ఒక్కరు కాదనలేదు.

మండల అధికారి నా వైపు తిరిగి, నిబంధన ఏం చెబుతుందో మీరే చెప్పండి మేడం అన్నాడు. నిబంధనల్లో దీని గురించి ఒక్క ముక్క లేదు. నేను ఏం చెబితే అదే నిబంధన. నా కళ్ళ ముందు రద్దయిన రెండు లాటరీలు, పేపరు, పై అధికారి మాట తిరిగాయి. తప్పున్న జాబితాతో తీసిన లాటరీని ఎవరైనా రేపు ప్రశ్నిస్తే? ఆమెకు కావాలనే కలిపారని అంటే? పొద్దున ఆమె నా పక్కన నిలబడి మాట్లాడటం పదిమందీ చూశారు కూడా.

జాబితాలో దోషం ఉంది కాబట్టి ఇప్పటిదాకా తీసినది చెల్లదు, సరిచేసి మొదటినుంచీ తీద్దాం అన్నాను. వాళ్ళకు అర్థం కావాలని నా గవ్వల ఉదాహరణ కూడా చెప్పాను. గవ్వ దుప్పటి దాటి పడితే మళ్ళీ వేస్తాం కదా అన్నాను.

మల్లయ్య ఒప్పుకోలేదు. "దాటి పడలే మేడం. దుప్పటి మీదనే పడ్డది. మీకు చదవ రాలే, గంతే" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. ఎనిమిదో తరగతి దాటని మనిషి నాకు సంభావ్యత పాఠం చెబుతున్నాడనిపించింది. పైన ఉన్న అరవై ఒకటిని ఏడుగా దిద్ది, జాబితాను భద్రపరిచి, మొదటినుంచి నొక్కడం మొదలుపెట్టాను.

మూడో నంబరు అరవై ఒకటి. బాలయ్య లేచి నిలబడ్డాడు గానీ దండం పెట్టలేదు. నలభై రెండు నంబర్లూ అయిపోయాయి. వాటిలో ఏడు రాలేదు.

అంతకుముందు వచ్చిన పద్నాలుగు నంబర్లలో కొన్ని ఈసారీ వచ్చాయి, కొన్ని రాలేదు. రానివాళ్ళు గొణిగారు. ఈదమ్మ మాత్రం గొణగలేదు. తన చీటీని మడిచి నా లాప్‌టాప్ పక్కన పెట్టింది.

"వచ్చినంక తీసేసుడు ఏం ఆట బిడ్డా" అంది. ఆ తర్వాత మంద ఒక్కటే ఉందని కర్ర పట్టుకుని వెళ్ళిపోయింది. మల్లయ్య మాకోసం వండించిన కూర అట్లాగే ఉండిపోయింది. మండల అధికారికి ఆకలి ఉంది గానీ నేను లేచేసరికి ఆయనా లేచాడు.

తిరుగు దారిలో ఆయన చాలా సంతోషంగా ఉన్నాడు. ఇక పిటిషన్ రాదు అన్నాడు. నిజంగానే రాలేదు. ఆ ఏడాది పారదర్శకంగా లాటరీలు నిర్వహించినందుకు నాకొక ప్రశంసాపత్రం ఇచ్చారు. ఫ్రేమ్ కట్టించి ఇచ్చారు కాబట్టి పారేయడానికి వీల్లేక ఇంట్లో బీరువా వెనక పెట్టాను.

రెండు నెలల తర్వాత జిల్లాలన్నింటికీ పనికొచ్చేలా ఆ ప్రోగ్రాము కరదీపిక రాయమన్నారు. మిగులు సంఖ్యలను ఎందుకు పారేయాలో రాస్తున్నాను. 'పారేయవలసినవి ఏవో ముందే నిర్ణయించి ఉండాలి. వచ్చింది ఎవరిదో తెలిశాక పారేస్తే అది లాటరీ కాదు, ఎంపిక' అని రాశాను. నాకే బాగా నచ్చి ఇంకోసారి చదువుకున్నాను. అప్పుడు చెయ్యి ఆగిపోయింది. మల్లయ్య దుప్పటి మాట, ఈదమ్మ ఆట మాట ఇదే. నేను ఇంత పొడుగు వాక్యంలో చెప్పినదాన్ని వాళ్ళు రెండు ముక్కల్లో నా ముఖం మీదే చెప్పారు. మొదటి లాటరీలో యంత్రం తప్పు చేయలేదు. జాబితాలో ఆమె ఏడో వరుసలోనే ఉంది, ఏడే వచ్చింది, ఊరందరికీ అది ఎవరిదో తెలుసు. వచ్చిన నంబరును పేరు చూశాక పారేసింది నేను. భాగించి శేషం తీసుకునే బద్ధకపు ప్రోగ్రాము రాసి ఉన్నా, మొదటి ఏడుగురిలో ఒకతెగా ఆమెకు ఒక అవకాశం ఎక్కువే ఉండేది. నేను పద్ధతిగా రాసి దాన్ని తీసేశాను, అది సబబే. ఆ తర్వాత పద్ధతిగా వచ్చినదాన్ని కూడా తీసేశాను.

మర్నాడే పై అధికారికి నోట్ పెట్టాను. పొరపాటు నాది, ఫలానా సభ్యురాలిని మొదటి జాబితాలో అదనంగా చేర్చాలి అని. ఫైలు అయిదు బల్లలు తిరిగి తొమ్మిది వారాలకు నా దగ్గరికే వచ్చింది. చివర ఒకే వాక్యం: 'కరదీపిక పన్నెండో నియమం ప్రకారం, తీసిన లాటరీ తుది, ఏ కారణం చేతనైనా పేరు చేర్చడం, తొలగించడం కుదరదు.' ఆ పన్నెండో నియమం రాసింది నేనే. ఇలాంటిది ఇంకెవరికీ జరగకూడదని రాశాను.

ఆ ఊరి రెండో జాబితాకు వచ్చే ఏడు రాలేదు. ఆ తర్వాతి ఏడు కూడా రాలేదు. నేను పదవీ విరమణ చేసేనాటికి కూడా ఆ జాబితా ఫైలు నడుస్తూనే ఉంది. విరమణకు కొద్దిరోజుల ముందు ఒక పనిమీద దేవరకొండ వెళ్తుంటే, రోడ్డుకు అడ్డంగా పెద్ద మంద వచ్చి మా జీపు ఆగింది. మంద వెనక ఈదమ్మ. ఇంకా నడుస్తోంది, కాకపోతే కర్ర మీద బరువు పెరిగింది. దిగి పలకరించాను. గుర్తుపట్టింది.

"రెండో ఏడు ఎప్పుడొస్తది బిడ్డా?" అని అడిగింది.

ఆ మాటను ఆమె ఏ అర్థంలో అన్నదో నాకు తెలియదు. రెండో సంవత్సరం గురించే అయివుంటుంది. నేను నోట్ పెట్టిన సంగతి, అది తిరిగొచ్చిన సంగతి చెప్పాను. తప్పు నాదేనని కూడా చెప్పాను. ఆమె విని, "ఆ దినమే చెప్తె అయిపోతుండె" అంది. జీవాలు రోడ్డు దాటడంతో ఆమె వాటి వెంట వెళ్ళింది. అవి ఇంకా వేరేవాళ్ళవే.

ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలు నన్ను అప్పుడప్పుడు అడుగుతుంటారు, ఒక పరిధిలో పక్షపాతం లేకుండా సంఖ్యను ఎట్లా తీయాలి అని. భద్రమైన వనరు వాడండి, మిగులును పారేసి మళ్ళీ తీయండి, జాబితాలో ప్రతి నంబరూ ఒక్కసారే ఉందో లేదో చూడండి, ఆ జాబితాను ఆ ఊరివాళ్ళ చేతే, వాళ్ళ నోటి లెక్కతోనే, ఒకసారి పైకి చదివించండి అని చెబుతాను. ఇదంతా ఒక పూట పని. నంబరు తీయడం యంత్రం వంతు, వచ్చినదాన్ని ఒప్పుకోవడం మనిషి వంతు. ఆ రోజు ఆ పంచాయతీ వసారాలో యంత్రం తన పని చేసింది.